చీకట్లో పొడుపు కథలు: ‘ది హాబిట్’ మళ్లీ చదివాక

ఒకే ఒక్క అధ్యాయం కోసం పుస్తకం మొత్తాన్ని కొనుక్కోమని నేను నిస్సంకోచంగా చెప్పగలిగిన పిల్లల సాహస కథ ఒకటుంది. అది జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’. మొత్తం 19 అధ్యాయాల్లో ఆ అధ్యాయం ఐదవది. కొండ అడుగున, కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో, దారి తప్పిన ఒక చిన్న మనిషీ, ఆకలితో ఉన్న ఒక వింత జీవీ ఎదురెదురుగా కూర్చుని పొడుపు కథలు వేసుకునే ఘట్టం. ఈ పుస్తకాన్ని కాలేజీ రోజుల్లో ఒకసారి ఒంటరిగా చదివాను. ఈమధ్య తొమ్మిదేళ్ల మా అమ్మాయికి రాత్రిపూట కొంత కొంత చొప్పున ఇంగ్లీషులో చదువుతూ, తెలుగులో చెబుతూ మళ్లీ పూర్తిచేశాను. మొదటిసారి ఆ పొడుపు కథలు నాకు ప్రాణాల మీదికి వచ్చిన ఒక ఆటగా మాత్రమే కనిపించాయి. వేసినవాడి బతుకంతా వాడు వేసిన పొడుపు కథలోనే ఉందని రెండోసారి, అదీ మా అమ్మాయి అడిగిన ఒక ప్రశ్న వల్ల, తెలిసివచ్చింది.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. హాబిట్లు మనిషి ఎత్తులో సగం ఉండే, పాదాల మీద దట్టంగా జుట్టు పెరిగే, చెప్పుల అవసరం లేని ప్రశాంత జీవులు. వారిలో బిల్బో బ్యాగిన్స్ కాస్త కలిగినవాడు. గుండ్రని ఆకుపచ్చ తలుపున్న నేలమాళిగ ఇంట్లో వేళకు తిని వేళకు పడుకునే రకం. గాండాల్ఫ్ అనే మాంత్రికుడు ఒకనాడు వచ్చి పలకరించిపోతాడు. మర్నాడు అతని వెనకే థోరిన్ నాయకత్వంలో 13 మంది మరుగుజ్జులు ఇంట్లోకి దిగుతారు. స్మాగ్ అనే డ్రాగన్ ఆక్రమించుకున్న తమ పూర్వీకుల కొండనూ, నిధినీ తిరిగి సంపాదించుకోవాలని వారి సంకల్పం. 13 అచ్చిరాని సంఖ్య గనుక వారికి పద్నాలుగో మనిషి కావాలి, అతడు దొంగతనం చేయగలవాడై ఉండాలి. జీవితంలో దేన్నీ దొంగిలించని బిల్బో ఆ ఉద్యోగంలో కుదురుతాడు.

ఈ పుస్తకం ఎలా పుట్టిందన్నది కూడా నాకు ఎంతో ఇష్టమైన కథే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాత ఇంగ్లీషు బోధించే ఆచార్యుడు టోల్కీన్ పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఒక విద్యార్థి ఖాళీగా వదిలేసిన పుటలో, నేలలోని ఒక కన్నంలో ఒక హాబిట్ నివసించేదన్న అర్థం వచ్చే వాక్యం రాసుకున్నాడు. అప్పటికి హాబిట్ అంటే ఏమిటో రాసిన ఆయనకే తెలియదు. రాతప్రతి చివరికి లండన్‌లోని జార్జ్ అలెన్ అండ్ అన్విన్ సంస్థకు చేరినప్పుడు, దాని అధిపతి స్టాన్లీ అన్విన్ దాన్ని తన పదేళ్ల కొడుకు రేనర్ చేతికిచ్చి అభిప్రాయం రాయమన్నాడు. 1936 అక్టోబరు 30న ఆ పిల్లవాడు రాసిచ్చిన చిన్న నివేదికకు కూలి ఒక షిల్లింగు. పుస్తకం బాగుందనీ, 5 నుంచి 9 ఏళ్ల పిల్లలందరికీ నచ్చుతుందనీ అతడు తేల్చాడు. 1937 సెప్టెంబరు 21న 1,500 ప్రతులు వెలువడ్డాయి, డిసెంబరు నాటికి అన్నీ అమ్ముడుపోయాయి. రేనర్ తీర్పుతో నాకున్న భేదం వయసు విషయంలోనే: ఐదేళ్ల పిల్లలకు ఇది పెద్దవారు చదివి వినిపించవలసిన పుస్తకం, సొంతంగా చదువుకోవడానికి పది దాటడం మేలు.

ఇక ఆ ఘట్టం దగ్గరికి వస్తాను. పొగమంచు పర్వతాలు దాటుతూ బిల్బో బృందం కొండ గుహల్లో ఉండే గోబ్లిన్లనే దుష్ట జీవులకు చిక్కుతుంది. గాండాల్ఫ్ విడిపించి సొరంగాల గుండా పరుగెత్తిస్తుంటే, డోరి అనే మరుగుజ్జు వీపున ఉన్న బిల్బో జారిపడి, రాతికి తల తగిలి స్పృహ తప్పుతాడు. కళ్లు తెరిచేసరికి చుట్టూ చీకటి తప్ప మరేమీ లేదు, పక్కన ఎవరూ లేరు. నాలుగు కాళ్ల మీద పాకుతూ పోతుండగా నేల మీద చేతికి చల్లగా ఒక చిన్న లోహపు ఉంగరం తగులుతుంది. ఆలోచించకుండానే జేబులో వేసుకుంటాడు. ఇక్కడ టోల్కీన్ చేసిన పని చూడండి. ఆయన సృష్టించిన లోకం తలరాతనే మార్చబోయే వస్తువు అప్పుడే కథలోకి వచ్చింది, అయినా ఆయన దాని దగ్గర ఆగడు. బిల్బో వెంటనే తన పొగ పైపును వెతుక్కుంటాడు. అది విరగలేదు, సంచిలో పొగాకు కూడా కాస్త మిగిలింది. తీరా చూస్తే అగ్గిపుల్లలు లేవు. కొండ కింద ఒంటరిగా చిక్కుకున్నవాడి నిస్సహాయతను ఒక భయంకర వర్ణన కంటే ఆ దొరకని అగ్గిపుల్లలు నాకు బాగా పట్టిచ్చాయి.

సొరంగం ఒక చల్లని చెరువు దగ్గర ముగుస్తుంది. ఆ చెరువు నడుమ ఒక రాతి దిబ్బ మీద గాలమ్ ఉంటాడు. చిన్న పడవలో కూర్చుని, రెండు పెద్ద పాదాలను నీటిలోకి వేలాడదీసి అలికిడి లేకుండా తొక్కుకుంటూ, దీపాల్లాంటి పాలిపోయిన కళ్లతో గుడ్డి చేపలను పట్టుకుని బతుకుతాడు. గుటక వేసేటప్పుడు గొంతులో వచ్చే శబ్దమే అతని పేరైంది. తెలుగులో ఆ పేరు పలికితే చేపలు పట్టే గాలం గుర్తుకు రావడం యాదృచ్ఛికమే, కానీ మా అమ్మాయికి ఆ పేరు ఎంత సహజంగా అతికిందో చెప్పలేను. ఎన్ని యుగాలుగానో మాట్లాడేందుకు తోడులేక తనతో తానే మాట్లాడుకుంటాడు గాలమ్, తనను తానే ముద్దుగా పిలుచుకుంటాడు. ఆ పిలుపును నేను ‘నా బంగారూ’ అని చెప్పాను. పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని మనం అనే మాటే, బుస కొట్టినట్టు సాగదీసి చీకట్లో పలికితే ఒళ్లు జలదరిస్తుంది.

ఎదుటివాడి చేతిలో కత్తి ఉందో లేదో, అతడు తినదగినవాడో కాదో తేలేవరకు కాలయాపన కోసం గాలమ్ పొడుపు కథల పోటీ ప్రతిపాదిస్తాడు. బిల్బో ఓడితే గాలమ్‌కు ఆహారమవుతాడు, గెలిస్తే బయటికి దారి చూపాలి. ముందు నువ్వే వెయ్యమని బిల్బో అంటాడు, ఎందుకంటే అతనికి ఇంకా ఏదీ తట్టలేదు.

గాలమ్ మొదటిది కొండ. బిల్బో దానికి బదులుగా ఎర్ర కొండ మీద ముప్పై తెల్ల గుర్రాల గురించి అడుగుతాడు, అది నోట్లోని పళ్ల గురించిన పాత పొడుపు కథ. ‘కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అని కనురెప్పలను పొడిచే మన పిల్లలకు ఈ రకం విడుపు పట్టడానికి ఎంతో సేపు పట్టదు, మా అమ్మాయి గాలమ్ కంటే ముందే చెప్పేసింది. గాలమ్ కూడా చెప్పేస్తాడు, కానీ తనకు ఆరే మిగిలాయని వెంటనే కలుపుతాడు. తర్వాత గాలమ్ గాలి గురించి వేస్తాడు. బిల్బో, నీలి ముఖంలోని కన్ను పచ్చని ముఖంలోని కన్నును చూసిందని వేస్తాడు. దానికి విడుపు డైసీ పూల మీద ఎండ. డైసీ అన్న పేరు పాత ఇంగ్లీషులో పగటి కన్ను అన్న అర్థంలో పుట్టింది; అందుకే ఆ రెండు కళ్లు. ఆ శ్లేష తెలుగులోకి రాదు, నేను ఆగి విడమరచి చెప్పవలసి వచ్చింది. ఈ పొడుపు కథకు గాలమ్ చాలాసేపు తడుముకుంటాడు, చివరికి చెబుతాడు.

అప్పుడే మా అమ్మాయి అడిగింది: “నాన్నా, అక్కడ ఎండే లేదు కదా, మరి వాడికి పువ్వులు ఎలా తెలుసు?”

జవాబు అదే పేజీలో ఉంది, నేనే ఇన్నేళ్లు గమనించకుండా దాటిపోయాను. ఆ పొడుపు కథ గాలమ్‌కు, ఎప్పుడో యుగాల కిందట నది ఒడ్డున ఒక కన్నంలో తన అమ్మమ్మతో కలిసి ఉన్న రోజులను గుర్తుచేస్తుంది. అంటే అతడూ ఒకప్పుడు బిల్బోలాగే నేలలో ఇల్లు కట్టుకున్న వంశం వాడే. ఆ తర్వాత వచ్చే గుడ్డు పొడుపు కథ దగ్గర కూడా ఇదే జరుగుతుంది. మూతా తాళమూ లేని పెట్టెలో బంగారం దాగి ఉందంటే, గాలమ్‌కు గూళ్లలోంచి గుడ్లు దొంగిలించిన చిన్ననాడు గుర్తొచ్చి విడుపు దొరుకుతుంది. ఈ జ్ఞాపకాలు అతన్ని మెత్తబరచవు. చిరాకు పెంచుతాయి, ఆకలి పెంచుతాయి. పోగొట్టుకున్న వెలుగును గుర్తుచేసినవాడి మీద కోపం రావడమన్నది ఎంత నిజమైన మనస్తత్వమో పెద్దవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇలా చూస్తే పోటీ అంతా కొత్తగా అర్థమవుతుంది. బిల్బో వేసినవన్నీ ఇంటివి: నోట్లోని పళ్లు, ఎండలో పువ్వులు, గుడ్డు, భోజనాల బల్ల దగ్గర చేప తినే మనిషీ ముళ్లు కొరికే పిల్లీ. గాలమ్ వేసినవి మనిషి చేయి తగలనివి: కొండ, గాలి, చీకటి, నీటి అడుగున ఊపిరి లేక బతికే చేప, చివరికి అన్నింటినీ మింగేసే కాలం. ఒకరి సంచిలో ఇల్లు ఉంది, మరొకరి సంచిలో ఖాళీ ఉంది. తాము ఎవరో ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

పోటీ నడిపిన తీరు గురించి కూడా చెప్పాలి. బిల్బో తెలివితో గెలిచాడని టోల్కీన్ ఎక్కడా నమ్మించబోడు. చీకటికి విడుపు అతని చుట్టూనే ఉంది. చేప పొడుపు కథకు జవాబు తట్టక నీళ్లు నములుతుండగా, గాలమ్ ఆత్రంగా పడవ దిగి నీటిలో అడుగు వేయడంతో ఒక చేప బెదిరి ఎగిరి బిల్బో కాలివేళ్ల మీద పడుతుంది. ఇది చదివినప్పుడు మా అమ్మాయి దుప్పటి బయట ఉన్న కాళ్లను చటుక్కున లోపలికి లాక్కుంది. తడిగా, చల్లగా ఏదో తగిలినట్టే ముఖం పెట్టింది. ఇక కాలం గురించిన పొడుపు కథకు బిల్బోకు ఏమీ తోచదు. గాలమ్ దగ్గరికి జరిగి ఒళ్లు తడుముతుంటే, ఇంకాస్త సమయం ఇమ్మని అరవబోయి, నోరు పెగలక ‘సమయం! సమయం!’ అని మాత్రం అనగలుగుతాడు. అదే సరైన జవాబు. ఇంగ్లీషులో ఆ రెండింటికీ ఒకటే మాట. తెలుగులో చెప్పేటప్పుడు నేను కాలం అన్న మాటను ముందే పక్కనపెట్టి సమయం అని పట్టుకోకపోతే ఆ అదృష్టం చేజారిపోయేది.

చివరి ప్రశ్న అసలు ప్రశ్నే కాదు. బిల్బో ఏమీ తోచక జేబులో చెయ్యి పెట్టి, చేతికి తగిలిన ఉంగరాన్ని మరచిపోయి, నా జేబులో ఏముంది అని పైకి అనుకుంటాడు. గాలమ్ దాన్ని పొడుపు కథ అనుకుని అన్యాయమంటాడు. మూడు అవకాశాలడిగి, చేతులన్నాడు, కత్తి అన్నాడు, ఆఖరికి తాడు లేదా ఏమీ లేదు అంటూ ఒకే అవకాశంలో రెండు ఇరికించాడు. మూడూ తప్పే. పాత నియమాల ప్రకారం అది న్యాయమైన పొడుపు కథ కాదని కథకుడే ఒప్పుకుంటాడు. టోల్కీన్ చదువుకున్న పాత నార్స్ (ప్రాచీన స్కాండినేవియా భాష) కావ్యాల్లో మారువేషంలో ఉన్న ఓడిన్ దేవుడు ఒక రాక్షసుడితో జ్ఞానపు పోటీకి దిగి, చనిపోయిన కొడుకు చెవిలో తాను ఏమి చెప్పానో చెప్పమని అడిగి గెలుస్తాడు. అడిగినవాడికి తప్ప లోకంలో ఎవరికీ తెలియని సంగతి అది. బిల్బో ప్రశ్నదీ అదే జాతి. దేవుడు కావాలని చేసిన మోసాన్ని హాబిట్ పొరపాటున చేశాడు.

ఈ అధ్యాయం మనం ఇప్పుడు చదివే రూపంలో మొదట లేదు. 1937 నాటి ప్రతిలో గాలమ్ ఓడితే కానుక ఇస్తానంటాడు, ఆ కానుక ఉంగరమే. అది కనబడక పదేపదే క్షమాపణలు కోరి, బదులుగా దారి చూపించి మర్యాదగా సాగనంపుతాడు. తర్వాతి పెద్ద కథ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాస్తున్నప్పుడు ఆ ఉంగరం ఎవరూ ఇష్టంగా వదులుకోలేని ఘోరమైన వస్తువని టోల్కీన్‌కు అర్థమై, 1947లో ఈ అధ్యాయాన్ని తిరగరాసి ప్రచురణకర్తకు నమూనాగా పంపాడు. 1951లో వచ్చిన రెండో కూర్పులో ఆయన అనుకోకుండానే అది అచ్చయి కనబడింది. పాత రూపం అబద్ధమనీ, ఉంగరం తనదేననిపించుకోవడానికి బిల్బో చెప్పుకున్న మాటనీ తర్వాతి కథలో సర్దిచెప్పాడు. సవరణ అవసరంలో నుంచి ఇంత చక్కని సంగతి పుట్టడం అరుదు.

ఆ సవరణ వల్లే ఘట్టానికి దాని శిఖరం వచ్చింది. ఉంగరం పోయిందని గ్రహించి ఉన్మాదంతో పరుగెత్తిన గాలమ్, బయటికి వెళ్లే దారి మొదట్లో గుమ్మానికి అడ్డంగా కూర్చుంటాడు. ఉంగరం పెట్టుకుని అదృశ్యుడైన బిల్బో కత్తి దూసి అతని వెనకే నిలబడి ఉన్నాడు. పొడిచేస్తే పని అయిపోతుంది, ఆ ఆలోచన వస్తుంది కూడా. కానీ అవతలివాడి దగ్గర కత్తి లేదు, అతనికి తాను కనబడడు, పైగా అతడు దిక్కులేనివాడు. వెలుగు లేని, ఆశ లేని, రాయీ చేపా తప్ప ఏమీ లేని ఆ రోజులన్నీ క్షణంలో బిల్బో మనసులో మెరుస్తాయి. డైసీ పూల దగ్గర మనకు తెలిసిన దుఃఖం ఇక్కడ బిల్బోకు తెలుస్తుంది. అతడు గాలమ్ తల మీదుగా చీకట్లోకి దూకుతాడు: ముందుకు ఏడు అడుగులు, పైకి మూడు అడుగులు, తలుపు కమాను తలకు తగలడం తృటిలో తప్పుతుంది. పెద్ద దూకుడేమీ కాదు, కానీ ఏముందో తెలియని చీకట్లోకి దూకడం. తల నరకడంతో శౌర్యం నిరూపించుకునే కథలు ఎన్నో చదివిన నాకు, చంపకుండా దాటిపోవడాన్ని ఒక పిల్లల కథ అడుగుల లెక్కతో సహా సాహసంగా చూపించడం ఈ పుస్తకం మీద నాకున్న గౌరవానికి మొదటి కారణం.

లోపాలు లేవని చెప్పను. థోరిన్, బాలిన్, బొంబూర్ తప్ప మిగిలిన మరుగుజ్జుల్లో చాలామందికి టోపీ రంగు తప్ప వేరే గుర్తింపు లేదు. కథలో పేరున్న స్త్రీ బిల్బో తల్లి ఒక్కతే, ఆమె కూడా కథ మొదలయ్యేసరికి గతించింది. మా అమ్మాయి దీన్ని గమనించి అడిగింది, నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆఖరి మహాయుద్ధంలో బిల్బో తలకు రాయి తగిలి పడిపోవడంతో, మనం ఎదురుచూసిన ముగింపులో సగం ఎవరో చెప్పగా వినవలసి వస్తుంది. కథకుడు మధ్యమధ్య పిల్లలను పలకరించే పద్ధతి కొందరికి పాతబడినట్టు అనిపించవచ్చు. గట్టిగా చదివి వినిపించేవారికి మాత్రం అదే ఊతం.

కొనేవారికి ఒక హెచ్చరిక. నేను మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్రతి నకలుదని తెరవగానే తెలిసింది: అక్షరాలు అలుక్కుపోయాయి, బొమ్మలు లేవు, పటం మీది రూన్ లిపి (ఉత్తర ఐరోపా పాత అక్షరాలు) నల్లని మరకలా ఉంది. ఆ పటం అలంకారం కాదు, కథలో భాగం. వెన్నెల్లో మాత్రమే కనబడే అక్షరాల రహస్యం దాని మీదే ఉంది, ఓపికగల పిల్లలు ఆ రూన్‌లను తామే చదువుకోవచ్చు. అందుచేత థోరిన్ తాత థ్రోర్ పటం, విల్డర్‌లాండ్ పటం రెండూ స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి. టోల్కీన్ స్వయంగా గీసిన నలుపు తెలుపు చిత్రాలున్న కూర్పు నా మొదటి ఎంపిక. రంగుల చిత్రాలు కావాలనుకుంటే 1997లో మొదట వచ్చిన అలన్ లీ చిత్రాల కూర్పు చాలా అందమైనది. సంక్షిప్త రూపాలు మాత్రం వద్దు, ఎందుకంటే కుదించేవారి కత్తెర ముందుగా పడేది పొడుపు కథల మీదే.

గాలమ్ బొమ్మ విషయంలో ఒక చిన్న ముచ్చట. 1962లో స్వీడిష్ అనువాదానికి ఫిన్లాండ్ చిత్రకారిణి టోవె యాన్సన్ వేసిన చిత్రంలో గాలమ్ బిల్బోను మించిన భారీ ఆకారంగా ఉంటాడు, మూలంలో అతని పరిమాణం ఎక్కడా చెప్పలేదు గనుక. తర్వాతి కూర్పులో టోల్కీన్ అతడు చిన్నవాడన్న మాట చేర్చాడు. పిల్లలకు బొమ్మ చూపించకుండా ఈ అధ్యాయం చదివి, ఎలా ఉంటాడో గీయమని అడిగి చూడండి. మా అమ్మాయి గీసిన గాలమ్‌కు ఒళ్లు దాదాపు లేదు. కాగితం నిండా నల్లటి పెన్సిల్ గీతలు, మధ్యలో రెండు కళ్లు, ఒక మూలన చాలా చిన్నగా పసుపు రంగు పువ్వు.